జాబితాలో లేని పేరు
(దోర్నకల్ అధ్యక్షఖండ శతవార్షికోత్సవ సభలో ఒక విశ్రాంత గురువుగారు చేసిన ప్రసంగ పాఠము)



"విశ్వాసము, పరసేవ" అనే అంశము మీద ఇరవై నిమిషములు మాట్లాడుమని కార్యదర్శిగారు ఉత్తరము వ్రాసినారు. నలభై ఏండ్లు ప్రసంగపీఠము ఎక్కినవానికి ఇరవై నిమిషములు ఎంత తక్కువో ఇక్కడ కూర్చున్న గురువులకు తెలుసు. అందుచేత సిద్ధాంతముల జోలికి పోకుండా ఒక్క సంగతి చెబుతాను. అది నాకు పేరు తెచ్చే సంగతి కాదు. ఇన్నాళ్లు ఏ ప్రసంగములోను చెప్పలేదు.

1977 నవంబర్ 19, శనివారము. దివిసీమ ఉప్పెన. మీలో పెద్దవారికి ఆ పేరు చెబితే చాలును. సర్కారు లెక్కకే దాదాపు పదివేల ప్రాణములు పోయినవి. బిషప్ అజరయ్యగారి కాలములో బందరు ప్రాంతము కూడా మన దోర్నకల్ అధ్యక్షఖండములోనిదే కదా. ఆ బంధుత్వము చొప్పున మన సంఘములు కదిలినవి. మన స్త్రీలు పూట పూటకు వంటకు కొలిచే బియ్యములో దేవుని పేరట తీసిపెట్టే పిడికెడు బియ్యము ఉన్నదే, ఆ బియ్యమే మూటలు మూటలుగా వచ్చినది. కొత్తగా అభిషేకము పొందిన కుర్ర గురువునైన నన్ను లారీ వెంట పంపినారు.

పులిగడ్డ అక్విడక్టు దాటిన తరువాత చూచినదంతా చెప్పబోను. వరి చేలమీద ఉప్పు తెట్టు కట్టియున్నది. తాటిచెట్ల మట్టలకు చీరల పేలికలు వేలాడుచున్నవి. నాగాయలంక అవతల ఒక పల్లె దగ్గర లారీ ఆపినాము. అక్కడి ఉపదేశి నా చేతికి ఒక కాగితమిచ్చినాడు. మన సంఘపు కుటుంబముల పేర్లు, నలభై ఆరు. పాపము, ఆయన తన భార్యను పోగొట్టుకొని కూడా రాత్రంతా కూర్చుండి ఆ పేర్లు వ్రాసినాడు. ఆయన తప్పేమీ లేదు. పేర్లు అడిగినది మేమే.

నేను లారీ మీద నిలువబడి పేరు పేరున పిలుచుచుంటిని. ఒక్కొక్కరే వచ్చి బియ్యము, దుప్పటి పట్టుకొని పోవుచున్నారు. చుట్టూ ఇంకా జనము నిలిచియున్నారు. వారు మన సంఘస్థులు కారు. అప్పుడు ఒక సహోదరి తన వంతు తీసుకొని పక్కకు పోక, అక్కడనే నేలమీద దుప్పటి పరచి, బియ్యము సగము దానిలో పోసి, తన వెనుక నిలిచియున్న స్త్రీ వైపు తోసినది. తోసి నా వైపు తిరిగి అన్నది:

"మా పిల్లను తాటిచెట్టుకు కట్టింది ఈవిడ మొగుడేనండీ, అయ్యగారూ. కట్టి దిగుతుంటే ఆయన్ను నీళ్లు తీసుకుపోయాయి. మీ కాగితంలో ఈవిడ పేరెందుకు లేదండీ?"

నేనేమన్నానో వినండి. "ఇది సంఘము బియ్యమమ్మా" అన్నాను. అని, తరువాతి పేరు పిలిచినాను.

జాబితా చించివేసి అందరికీ పంచినానని చెప్పగలిగితే ఎంత బాగుండును! అట్లు చేయలేదు. నలభై ఆరు పేర్లు ముగించినాను. సంతకములు, వేలిముద్రలు తీసుకున్నాను. లెక్క సరిపోయినది. తిరిగి వచ్చిన తరువాత కమిటీవారు ఆ లెక్క చూచి నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఆ రాత్రి పైకప్పు ఎగిరిపోయిన బడిలో పడుకున్నాము. నిద్ర పట్టలేదు. మంచి సమరయుని ఉపమానము మీద అప్పటికే నాలుగైదు ప్రసంగములు చేసియుంటిని. ప్రతి ప్రసంగములోను ఆ సమరయుడను నేనే అన్నట్లు మాట్లాడినాను. ఆ రాత్రి నాకు తోచినది వేరు. పొరుగువాడు ఎవరని ప్రభువును అడిగిన ధర్మశాస్త్రోపదేశకుడు కోరినది కూడా ఒక జాబితానే గదా! ఎవరెవరు లెక్కలోకి వస్తారో చెప్పుము, అక్కడితో నా బాధ్యత తీరును అని. ప్రభువు ఒక్క పేరు కూడా వ్రాసి ఇవ్వలేదు. పైగా, ఏ మనిషి పేరు అతడు ఎన్నటికీ వ్రాయడో ఆ సమరయుని చేతనే గాయములు కట్టించినాడు. తాటిచెట్టు ఎక్కిన ఆ మనిషి నా పిలుపుల వరుసలో ఎక్కడా లేడు.

తెల్లవారి ఆ సహోదరి గుడిసె వెదుక్కుంటూ వెళ్లినాను. గుడిసె అంటే నాలుగు కర్రలు, ఒక తడిక. ఇద్దరు స్త్రీలు ఒకే పొయ్యి దగ్గర ఉన్నారు. క్షమించుమని అడగడానికి వెళ్లినవాడిని, నోరు పెగలలేదు. ఆమె "కూర్చోండి" అని సత్తు గిన్నెలో గంజి పోసి ఇచ్చినది. మన పిడికెడు బియ్యపు గంజి. వద్దనబోయినాను, ఇచ్చుటకు వచ్చినవాడిని కదా! రెండవ ఆమె "తాగండి బాబూ" అన్నది. తాగినాను.

ఇప్పుడు అజరయ్యగారి మాట ఒకటి జ్ఞాపకము చేస్తాను. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషిక్తులైన సంగతి ఉదయము వక్తలు చెప్పినారు. దానికి రెండేండ్లు ముందు, 1910లో, ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగము కొందరికి మింగుడుపడలేదు. మిషనరీల త్యాగమును ఆయన కాదనలేదు. పైనుండి దయచూపే ధోరణి పోలేదని, తమ ప్రజలకు కావలసినది స్నేహమని నిర్భయముగా అడిగినారు. ఆ ప్రసంగమును మనము ఎంతో అతిశయముతో చెప్పుకుంటాము, తెల్లవారికి తగిన బుద్ధి చెప్పినారని. నేనూ అట్లే చెప్పేవాడిని. దివిసీమలో లారీ మీద నిలువబడినది తెల్లవాడు కాదు, నేను. నా చేతిలో బియ్యమున్నది, త్యాగమున్నది, స్నేహము మాత్రము లేదు. గంజి గిన్నె నా చేతికి వచ్చువరకు ఆ ఇద్దరితో సమానముగా నేల మీద కూర్చొనలేదు.

1986 ఆగస్టులో గోదావరి పొంగి భద్రాచలము దగ్గర 75.6 అడుగులకు వచ్చినప్పుడు నేను ఆ వైపు పాస్టరేటులో ఉంటిని. ఈసారి జాబితా నేను వ్రాయలేదు, మన పెద్దలచేతను వ్రాయించలేదు. ఊరి బడిపంతులును, కల్లుగీసే ఒక పెద్దమనిషిని, మసీదు పెద్దను, మన స్త్రీల మైత్రి నుండి ఒక తల్లిని కూర్చోబెట్టి, ఎవరి ఇల్లు పోయినదో మీరే తేల్చండి అన్నాను. వారు మన మందిరపు అరుగు మీదనే కూర్చుండి తేల్చినారు. పని తేలిక కాలేదు. మతము మార్చడానికే బియ్యము పంచుచున్నారని బయట కొందరన్నారు. సంఘము సొమ్ము అన్యులపాలు చేసినాడని లోపల కొందరన్నారు. రెండవ మాటే నాకు ఎక్కువ బాధ కలిగించినది. ఎందుకంటే 1977లో నేను అన్నది అదే మాట.

మా సంఘపెద్ద ఒకరు, మంచి విశ్వాసి, ఇల్లు కొంత నిలిచినందున జాబితాలో ఆయన పేరు రాలేదు. మందిరము కట్టునాడు రాళ్లు మోసిన మనిషి. రెండేండ్లు గుడికి రాలేదు. తరువాత వచ్చినారు గాని, ప్రభు భోజన సంస్కారమప్పుడు నేను నిలిచిన వైపునకు రాక, రెండవ గురువుగారి వరుసలోకి పోయేవారు. ఆయనకు అన్యాయము చేసినానా అని నేను చాలామార్లు తూచి చూచుకున్నాను. కొంత చేసియుందును. వెళ్లి ముందుగా ఒక మాట చెప్పవలసినది. బయటివారి మనసు నొవ్వకూడదని అంత జాగ్రత్తపడినవాడిని, ఇంటివాని గడప తొక్కలేదు.

పదవీ విరమణ చేసిన సంవత్సరము ఆయన ఇంటికి వెళ్లినాను. చూపు మందగించినది. గొంతు పట్టి గుర్తించినారు. నులక మంచము వాల్పించి, కూర్చోండి అయ్యగారూ అన్నారు. కోడలు మజ్జిగ తెచ్చినది. వానల గురించి, మిరప ధర గురించి మాట్లాడుకున్నాము. వరద మాట ఇద్దరమూ ఎత్తలేదు. లేచేటప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకొని వాకిటి దాకా వచ్చినారు.