సెంటినరీ అంటే ఏమిటి?



ఈ రోజు ఒక అమ్మాయి సంగతి చెప్పుకుందాం. ఆమెది మంథని దగ్గరి సెంటినరీ కాలనీ. సింగరేణి కార్మికులుండే కాలనీ అది. బాపు బొగ్గుబాయిలో పని చేస్తాడు. అవ్వ రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. అమ్మాయి తెలుగు మీడియంలో చదివి, డిగ్రీలో చేరింది.

డిగ్రీలో ఇంగ్లీషు తప్పదు. బడిలో ఆమె గైడు చూసి, బట్టీ పట్టి పాసయింది. కాలేజీలో అది సాగలేదు. మొదటి వారంలోనే మేడమ్ అన్నది: "మీ ఊరి గురించి పది మాటలు ఇంగ్లీషులో రాయండి. చూసి రాయొద్దు. మీ సొంతంగా రాయండి."

అమ్మాయి ఒకే వాక్యం రాసింది. మా ఊరు సెంటినరీ కాలనీ అని. ఆమెను లేపి మేడమ్ అడిగింది: "సెంటినరీ అంటే ఏమిటి?"

అమ్మాయికి తెలియదు. పుట్టి పెరిగిన ఊరి పేరే అది! వెనుక బెంచీలో ఎవరో నవ్వారు.

ఇంటికి వచ్చి పుస్తకాల సంచి మూలకు పడేసింది.

"రేపటి సంది కాలేజీకి పోను అవ్వా. ఇంగ్లీషు నాతోని కాదు" అన్నది.

అవ్వ బియ్యం చెరుగుతోంది. చాట పక్కన పెట్టింది.

"రాత్రి బడికి పోయిన తొలి దినం నేనేమన్న బిడ్డా? ఈ వయసుల నాకెందుకు, నలుగురు నవ్వుతరు అన్న. నువ్వే గదా చేతిల పలక పెట్టి తోలుకపోయినవ్. నేను బయట సొంతంగా చదివిన మొదటి మాట ఏందో ఎరుకేనా? బస్సు మీది బోర్డు. సెం-టి-న-రీ. చదివిన గని, గదేందో నేనూ అడగలే."

ఆ మాటతో అమ్మాయి లేచింది. పక్క క్వార్టర్ నుంచి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తెచ్చింది. నిఘంటువు అంటే మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం. అందులో మాటలు అక్షరాల వరుసలో ఉంటాయి. 'సీ' అక్షరం దగ్గర వెతికితే దొరికింది. సెంటినరీ అంటే నూరేళ్ల పండుగ.

దేనికి నూరేళ్లు? బాపు చెప్పాడు. ఇల్లందు ప్రాంతంలో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1989కి నూరేళ్లు నిండాయి. ఆ గుర్తుగా కాలనీకి ఆ పేరు.

"మరి ఇన్నాళ్లు చెప్పలేదేంది బాపూ?"

"నువ్వు అడగలేదు బిడ్డా!"

అవ్వ నిఘంటువులోకి తొంగి చూసింది. "కోల్ అంటే బొగ్గు అన్నవ్. అది గూడ గీ అక్షరంతోనే ఉన్నది. అక్కడ 'క' అని, ఇక్కడ 'స' అంటవేంది?" అని అడిగింది.

మంచి ప్రశ్న! తెలుగులో ఎట్లా రాస్తే అట్లా చదువుతాం. ఇంగ్లీషులో అక్షరాలు 26 మాత్రమే. శబ్దాలు ఎక్కువ. అందుకే ఒకే అక్షరం పలుచోట్ల పలు రకాలుగా పలుకుతుంది. మాటల వరుస కూడా వేరు. మనం 'బాపు బొగ్గు తవ్వుతాడు' అంటాం. వాళ్లు 'బాపు తవ్వుతాడు బొగ్గు' అంటారు. అందుకని తడబాటు సహజం. తెలివి లేక కాదు.

సి.పి.బ్రౌన్ అనే ఇంగ్లీషు దొర కూడా తడబడే ఉంటాడు. పెద్దయ్యాకే ఆయన తెలుగు నేర్చుకున్నాడు. పండితులను అడిగి అడిగి నేర్చుకున్నాడు. తర్వాత పెద్ద నిఘంటువులే తయారు చేశాడు.

ఆ రాత్రి ముగ్గురూ కూర్చున్నారు. "నాకు ఇంగ్లీషు ముక్క రాదు" అంటూనే బాపు మాటలు చెప్పాడు. షిఫ్టు, డ్యూటీ, మస్టర్, ల్యాంపు, టబ్బు, బెల్టు, క్యాంటీన్, బోనస్, క్వార్టర్. అవ్వ తెలుగులో రాసింది. అమ్మాయి పక్కన ఇంగ్లీషులో రాసింది. ఆ మాటలతోనే పది వాక్యాలు కట్టింది.

మరునాడు మేడమ్ నాలుగు వాక్యాలు ఎర్రసిరాతో దిద్దింది. ఆరు వాక్యాలు సరిగా ఉన్నాయి. ఊరి పేరు అర్థం ఇప్పుడు క్లాసందరికీ తెలుసు. వెనుక బెంచీ అమ్మాయి మెల్లగా అడిగింది: "ఆ నిఘంటువు నాకూ ఒకరోజు ఇస్తవా?"

ఇంగ్లీషు ఇప్పటికీ ఆమెకు కష్టమే. కానీ కాలేజీ మానలేదు. తెలియని మాట వస్తే అడుగుతుంది. అవ్వ కూడా అడుగుతుంది. రేషన్ కార్డు మీది మాటైనా, బ్యాంకు కాగితం మీది మాటైనా అర్థం తెలిశాకే సంతకం పెడుతుంది.

అక్కలారా! అక్షరాలు కూడబలుక్కోవడం మొదటి మెట్టు. అర్థం అడగడం రెండో మెట్టు. అడిగితే పోయేది ఏమీ లేదు.

రేపు మీ వీధిలో ఒక బోర్డు చదవండి. ఆ మాటకు అర్థం ఏమిటో అడగండి. మీ పిల్లలతో కలిసి రాసుకోండి.