పుప్పొడి



దువ్వాడ పరిసరములందు తాడిచెట్టు నెరుగనివారు లేరు. పోతుతాడు కాయదనియు, పెంటితాడే ముంజెల నిచ్చుననియు బాలురు సైతము చెప్పగలరు. అట్లని కాయని చెట్లన్నియు దండుగయని నరికించినచో పెంటితాడునకు విత్తు కట్టదు. పోతుతాడు పూగెలల పొడి గాలివలనను పురుగులవలనను దానిని చేరవలెను. ఆ పొడియే పుప్పొడి.

మన ప్రబంధకవులు పరాగమును, తుమ్మెదను విరివిగా వర్ణించిరి. పుప్పొడి లేక విత్తు లేదని 1694లో ప్రయోగపూర్వకముగా నిరూపించినవాడు జర్మను పండితుడు కామెరారియసు. పుప్పొడి రేణువు సామాన్యముగా మిల్లీమీటరులో నూరవవంతు మొదలు పదవవంతు వరకు నుండును. అది కీలాగ్రముపై బడి, సన్నని నాళమును లోనికి దించి, అండమును చేరిన పిదపనే విత్తు పుట్టును.

పువ్వునకును తేనెటీగకును గల వ్యవహారము చక్కని జమాఖర్చు. ఈగకు తేనె దొరకును. పిల్లపురుగుల మేపుటకు పుప్పొడియు దొరకును. దానిని వెనుకకాళ్ల బుట్టలలో నింపుకొనును. ఒంటి నూగునకు అంటిన పొడి మరియొక పువ్వునకు చేరును. ఒక పర్యాయము బయలుదేరిన ఈగ సాధారణముగా ఒకే జాతి పువ్వులపై వ్రాలును గనుక పొడి వృథాపోదు. అరకులోయలో పసుపుపచ్చగా పూచు వలిసె చేలకు ఈగల రాకయే పంట. కావున పూతవేళ పురుగుమందు చల్లరాదు. తప్పనిసరియైనచో ఈగలు గూడు చేరిన సాయంకాలమే చల్లవలెను.

ఇక రెండవ పార్శ్వము. గాలిలో తేలు పుప్పొడిని కొందరి శరీరము శత్రువని పొరబడును. తుమ్ములు, కన్నుల దురద, ఉబ్బసము కలుగును. ఆంగ్ల వైద్యుడు బ్లాక్లీ తానే రోగియై, తనపైననే పరీక్షలు జరిపి 1873లో ఈ సంగతి ప్రకటించెను. 1906లో వియన్నా వైద్యుడు పిర్కే 'ఎలర్జీ' అను పేరు పెట్టెను. మన బంజరులలోని వయ్యారిభామ ఇట్టిదే. చేతులు కప్పుకొని, పూయకమునుపే పెరికివేయవలెను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణపు చెట్లను కూల్చెను. పిమ్మట వీధులలో విరివిగా నాటినవానిలో ఏడాకులపాల యొకటి. శీతకాలారంభమున అది పూయగా, ఆ ఘాటునకు ఊపిరి సలుపుటలేదని పలువురు మొరపెట్టిరి. చెట్లను కొట్టివేయుమన్నవారును గలరు. వారి బాధ అబద్ధము కాదు. కాని వాసన వేరు, పుప్పొడి వేరు. ఏడాకులపాల పురుగులను పిలుచు పువ్వు. గాలి నమ్ముకొన్న పువ్వు కాదు. బాధ దేనివలనో వైద్యుడు పరీక్షించి నిర్ణయింపవలెను. వీధి పొడవున ఒకే జాతి నాటక, పలు జాతులు కలిపి నాటుట మేలు.

నేరము రుజువుగాక శిక్ష విధించుట మనుష్యులయెడల ఎట్లు తగదో, చెట్లయెడలను అట్లే తగదు. గొడ్డలి పట్టుటకు ముందు పోతుతాడును ఒక్కసారి తలచుకొనవలెను.