తిరగలి పిడి నుంచి పిండిమర బెల్టు దాకా

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)



పొదుపు గురించో, అప్పు వాయిదాల గురించో మాట్లాడమంటే నాకు భయం లేదు, పదేళ్ళుగా అదే పని. ఈసారి మా సంఘం పిండిమర సంగతి చెప్పమన్నారు. అందులో మర తప్పు కొంత, మా తప్పు ఎక్కువ ఉంది. మర ఎలా తిరుగుతుందో తెలిస్తేనే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. అందుకని ముందు మన ఇళ్ళల్లో వస్తువులతో మొదలుపెడతాను. నేను చదివింది పదో తరగతే, అందులోనూ లెక్కల్లో బొటాబొటీ మార్కులు. నాకు అర్థమైందంటే మీకూ అర్థమవుతుంది.

చేదబావి గిలక చూడండి. బొక్కెనలో 10 లీటర్ల నీళ్ళుంటే 10 కిలోల బరువు. గిలక ఆ బరువుని ఏమీ తగ్గించదు. మరి సుళువుగా ఎందుకుంటుందంటే, పైకి లాగాల్సిన దాన్ని కిందికి లాగేటట్టు చేసింది. కిందికి లాగేటప్పుడు మన ఒంటి బరువు కూడా సాయం వస్తుంది. తాడు గట్టు రాయికి రాసుకోకుండా చక్రం మీద దొర్లుతుంది. గిలక చేసేది అంతే.

ఇప్పుడు తిరగలి. పిడి ఎక్కడుంటుంది? రాయి అంచున. మధ్యలో ఇరుసు దగ్గర పెడితే చెయ్యి చిన్న సున్నా చుడితే చాలు గదా, శ్రమ తగ్గాలి గదా? మధ్య దగ్గర పట్టుకుని తిప్పి చూడండి, రాయి మొరాయిస్తుంది. అంచున పట్టుకుంటే చెయ్యి పెద్ద సున్నా చుట్టాలి, కానీ తక్కువ బలంతోనే రాయి తిరుగుతుంది. ఈ బేరం ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎక్కువ దూరం తిరిగితే తక్కువ బలం చాలు, తక్కువ దూరం తిరగాలంటే ఎక్కువ బలం పెట్టాలి. రెండూ మిగిల్చే మిషను ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. అలాంటిది అమ్ముతానని ఎవరైనా మీ ఊరొస్తే సంఘం డబ్బు తియ్యకండి.

మనలో చాలామందికి కుట్టు మిషను ఉంది. దాన్ని కాస్త నిదానంగా చూద్దాం. మనం కాలితో తొక్కే పలక ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఊగే దానితో చక్రం ఎలా తిరుగుతుంది? పలక పక్కన నిలువుగా ఒక కడ్డీ ఉంటుంది. దాని పై కొసని కింది పెద్ద చక్రానికి, ఇరుసుకి కొంచెం పక్కగా తగిలించారు. అచ్చం తిరగలి పిడి లాగే. కడ్డీ పైకీ కిందికీ పోతుంటే చక్రం గుండ్రంగా తిరుగుతుంది. మిషను తల లోపల దీనికి ఎదురు పని జరుగుతుంది. గుండ్రంగా తిరిగే ఇరుసు సూదిని మళ్ళీ పైకీ కిందికీ ఆడిస్తుంది.

నేర్చుకునే రోజుల్లో మిషను వెనక్కి తిరిగి దారం తెగడం అందరికీ అనుభవమే. మాకు నేర్పిన టీచరమ్మ ‘చేత్తో తిప్పి మొదలుపెట్టు’ అని కోప్పడేది, ఎందుకో చెప్పేది కాదు. సంగతేంటంటే, కడ్డీ పూర్తిగా పైన గానీ పూర్తిగా కింద గానీ ఆగినప్పుడు ఎంత తొక్కినా ఆ బలం నేరుగా ఇరుసు మీదికే పోతుంది, చక్రాన్ని పక్కకి తిప్పదు. అక్కడ నుంచి అది ముందుకైనా పోవచ్చు, వెనక్కైనా పోవచ్చు. అందుకే చేత్తో ఒక తోపు తోస్తాం. తిరగడం మొదలయ్యాక ఆ పెద్ద చక్రం బరువే దాన్ని ఆ చోటు దాటిస్తుంది. దాన్ని అంత బరువుగా పోత పోసింది ఊరికే కాదు.

ఇక తోలు బెల్టు. మా మిషనుకి టేపు పెట్టి కొలిచాను. కింది చక్రం 12 అంగుళాలు, పైన బెల్టు కూర్చునే గాడి దగ్గర 3 అంగుళాలు. రెండిటి మీదా పోయేది ఒకే బెల్టు గనక పెద్దది ఒక చుట్టు తిరిగితే చిన్నది 4 చుట్లు తిరగాలి. పైది ఒక చుట్టు తిరిగితే ఒక కుట్టు. అంటే ఒక తొక్కుడుకి 4 కుట్లు. ఇంటికి పోయి పాత గుడ్డ మీద లెక్కపెట్టుకోండి. వేగం నాలుగింతలైంది గనక బలం నాలుగో వంతే అందుతుంది. జాకెట్టు గుడ్డకి అది చాలు. జీన్సు ప్యాంటు మడతలు కలిసే చోట మిషను ఆగిపోతుంది చూడండి, అక్కడ చాలలేదన్నమాట. అప్పుడు పై చక్రాన్ని చేత్తో తిప్పి సూది దించుకుంటాం.

మా సంఘంలో ఒక పిన్నికి మోకాళ్ళ నొప్పులు. మిషను బరువైపోయింది, మోటారు పెట్టించుకుంటాను, అప్పు ఇవ్వండి అని అడిగింది. పోయి చూస్తే ఏముంది, బెల్టు కొత్తది వేసినప్పుడు మరీ పొట్టిగా కత్తిరించారు. కడ్డీ కీళ్ళలో నూనె చుక్క లేదు. బెల్టు జారకూడదన్నది నిజమే గానీ, తంత్రి లాగా బిగిస్తే ఇరుసుల్ని రెండు వైపుల నుంచీ లాగిపట్టి మన బలం అక్కడే తినేస్తుంది. బెల్టు మార్చి, నూనె వేశాం. నొప్పులు పోయాయని చెప్పను, అప్పు మాత్రం వద్దంది.

ఇప్పుడు మర సంగతి. బ్యాంకు అప్పుతో కొన్నాం, 3 హార్సు పవర్ మోటారు. నడపడానికి మా సభ్యురాలే ఒక అక్కని జీతం మీద పెట్టుకున్నాం. మొదటి ఏడాది బాగా నడిచింది. తర్వాత మర వైపు పుల్లీ పగిలింది. ఒక మెకానిక్కు వచ్చి తన దగ్గరున్నది వేసి పోయాడు. ఆ నెల నుంచే గొడవ. పిండి వేడిగా వస్తోంది, మాడు వాసన వస్తోంది అని జనం పక్క ఊరి మరకి పోవడం మొదలుపెట్టారు. రాళ్ళకి గంట్లు కొట్టించిన కొద్ది రోజులకే అరిగిపోతున్నాయి. చివరికి మోటారు వైండింగు కాలిపోయింది. 4,200 రూపాయలు అయింది.

మీటింగులో అందరం ఆ అక్కనే అన్నాం. గింజలు ఒక్కసారే ఎక్కువ వదిలి మోటారుని చంపేసిందన్నాం. నెలకి 700 చొప్పున 6 నెలలు ఆమె జీతంలో కోసుకోవాలని తీర్మానం రాశాం. మొదటి సంతకం నాది. ‘నేనేం మార్చలేదు చెల్లీ, మరే మారింది’ అంది ఆమె. ఆ మాట పుస్తకంలో రాయను కూడా రాయలేదు.

నాలుగు నెలలు కోశాక, ఏదో రసీదు కోసం ఫైలు వెతుకుతుంటే మరతో వచ్చిన కాగితం దొరికింది. రాళ్ళు నిమిషానికి సుమారు 700 చుట్లు తిరగాలని దాని మీద ఉంది. మోటారు మీద రేకు ముక్క చూశాను, నిమిషానికి 1440 చుట్లు. మోటారు పుల్లీ 4 అంగుళాలు. మెకానిక్కు వేసిన పుల్లీ 6 అంగుళాలు. 1440ని 4తో గుణిస్తే 5760. దాన్ని 6తో భాగిస్తే 960. మూల పడేసిన పాత పుల్లీ ముక్కలు నేల మీద పేర్చి కొలిస్తే 8 అంగుళాలు వచ్చింది. 5760ని 8తో భాగిస్తే 720. ఆ లెక్క నాలుగుసార్లు వేశాను, తప్పేమో అని కాదు, ఒప్పయితే ఏం చెయ్యాలా అని.

తిరగలితో చెప్తాను. మర వైపు పెద్ద పుల్లీ అంటే అంచున ఉన్న పిడి. చిన్న పుల్లీ వేశారంటే పిడిని పీకి మధ్యకి జరిపినట్టు. రాయి వేగంగా తిరుగుతుంది, పిండి కాలుతుంది. అదే రాయిని తిప్పడానికి మోటారు మూడో వంతు ఎక్కువ బలం పెట్టాలి, వేగం వల్ల పడే భారం దానికి అదనం. ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది. నెలల తరబడి అలా నడిస్తే వైండింగు కాలక ఏమవుతుంది? అక్క గింజలు ఎప్పటిలాగే వదిలింది.

మరుసటి మీటింగులో ఈ లెక్క గోడ మీద సుద్దముక్కతో వేసి చూపించాను. కోసిన 2,800 తిరిగి ఇవ్వాలని తీర్మానం చేశాం. 8 అంగుళాల పుల్లీ తెచ్చాం, దానికి తగ్గట్టు బెల్టు కూడా పొడవుది కొన్నాం. పిండి మళ్ళీ చల్లగా వచ్చింది. కానీ అప్పటికే అక్క పని మానేసి కూలికి పోతోంది. డబ్బు పట్టుకుని నేనే వాళ్ళింటికి పోయాను. డబ్బు తీసుకుంది. రమ్మంటే మాత్రం ‘బెల్టుకి జాలీ వేస్తే వస్తాను’ అంది.

అప్పుడు చెప్పింది. ఒకరోజు కొంగు బెల్టుకీ పుల్లీకీ మధ్య పడి, భుజం దాకా లాగేసిందట. కొంగు చిరిగిపోబట్టి బయటపడింది. మోటారు కాలిన వారంలోనే ఇది జరిగింది. ‘ఇది కూడా నా తప్పే అంటారని చెప్పలేదు’ అంది. నాకు మాట రాలేదు.

ఇంటికొచ్చి ఇంకో లెక్క వేశాను. 4 అంగుళాల పుల్లీ చుట్టూ కొలిస్తే దాదాపు పన్నెండున్నర అంగుళాలు. సెకనుకి 24 చుట్లు. అంటే బెల్టు సెకనుకి 25 అడుగులు పరిగెడుతోంది. అమ్మా అని అరిచేలోపు కొంగంతా లోపలికి పోతుంది.

మా ఊళ్ళో వెల్డింగు అతనితో జాలీ చేయించాం. స్విచ్చు గోడకి అవతల ఉండేది, నిలబడే చోటు దగ్గరికి మార్పించాం. కొంగు దోపుకుని, జడ ముడి వేసుకుంటేనే మర గదిలోకి రావాలని రాసి పెట్టాం. అక్క ఇప్పుడు మరలోనే ఉంది.

మీ ఊళ్ళల్లో సంఘం మరలు, కారం మిషన్లు ఉన్నవాళ్ళు రెండు పుల్లీలూ బెల్టు కూర్చునే చోట కొలిచి, మోటారు రేకు మీద అంకె, మరతో వచ్చిన కాగితం మీద అంకె రాసుకుని భోజనాలయ్యాక నా దగ్గరికి రండి. కూర్చుని లెక్క వేద్దాం. కొలిచేటప్పుడు మెయిను తీసేసి కొలవండి.