విశ్వవిద్యాలయ పత్రికలు – మన బాలుర వ్రాతలు



మన కర్నూలు, కడప సీమలకు చిరకాలము విద్యాశ్రయమైనది 1954లో తిరుపతిలో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము. దాని ప్రాచ్య పరిశోధనాలయము 1958లో పరిశోధన పత్రికను వెలువరించెను. అందు పండితుల వ్రాతలకు చోటు దొరకినది. పట్టపరీక్షకు చదువు బాలునకు అట్టి పుటలయందు చోటు అరుదు.

మా పూర్వశిష్యుడొకడు బి.ఏ. చదువుచు, తన గ్రామపు గుడిగోడపై నున్న శాసనమును ఎత్తి వ్రాసి, వ్యాసము రచించెను. ఆ కాగితములు కళాశాల బీరువాలో చెదల పాలైనవి. పిమ్మట గ్రామస్థులు గోడకు సున్నము కొట్టిరి. ఇప్పుడు రెండును లేవు. ఎర్రగుంట్ల చెంతనున్న కలమళ్ళ శాసనము, ఆరవ శతాబ్ది నాటిది, అచ్చునకెక్కుటచేతనే గదా లోకమునకు తెలిసినది!

2006లో కడపయందు యోగి వేమన విశ్వవిద్యాలయము, 2008లో కర్నూలునందు రాయలసీమ విశ్వవిద్యాలయము ఏర్పడినవి. ఏటేట పట్టవిద్యార్థుల వ్యాసములతో నొక సంపుటము ప్రకటింపుడని వారిని కోరుదము. అచ్చుకూలి మన సంఘము భరించుగాక. రూకలు పుచ్చుకొని, పరీక్షింపకయే అచ్చొత్తు పత్రికలు నేడు పెచ్చుపెరిగినవి. వానికి కాసైనను ఈయరాదు. తెలిసినవారిరువురు చదివి, దోషములెన్ని త్రిప్పి పంపినను బాలునకు లాభమే. మా వ్రాతలును పలుమారులు అట్లు మరలి వచ్చినవి.

వ్యయమునకు వెనుదీయువారుందురేని, రేపటి విందులో నొక భక్ష్యము తగ్గించుట మాకు సమ్మతమే.