ఇంకొక్క మెట్టు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజనీరువు కదా, కంప్యూటర్ల గురించి ఏమన్న చెప్పు" అన్నారు మిత్రులు. ఈ బడి నల్లబల్ల మీద చూసిన ఒక లెక్కతోనే మొదలుపెడతాను.

తొమ్మిదో తరగతిలో లెక్కల సారు 2491 అని రాసి కారణాంకాలు అడిగారు. నేను 2తో మొదలుపెట్టి వరుసగా 43 దాకా 14 ప్రధాన సంఖ్యలతో భాగించి, విసుగొచ్చి "ఇది ప్రధాన సంఖ్య సార్" అన్నాను. సారు కొండ వైపు చూపించి, "ఇంకొక్క మెట్టు ఎక్కితే అంజన్న కనపడుతుండెగదరా" అన్నారు. 43 తర్వాతిది 47. దాన్ని 53తో గుణిస్తే 2491.

తర్వాత ఆయన బల్ల మీద ఒక్క ముక్క రాశారు: 2500లోంచి 9 తీసేస్తే 2491. అంటే 50 వర్గంలోంచి 3 వర్గం. 50లోంచి 3 తీస్తే 47, కలిపితే 53. నా 14 భాగహారాలకు దొరకనిది ఒక్క తీసివేతకు దొరికింది.

ఈ లెక్కే నేడు ప్రపంచానికి తాళం. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం కంప్యూటరుకు క్షణం పని. లబ్ధం ఒక్కటే ఇచ్చి ఆ రెండూ వెతకమంటే చుక్కలు కనపడతాయి. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ ఈ తేడా మీదనే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిని కట్టారు. డిజిటల్ సంతకాలు ఎన్నో దీని మీదనే నడుస్తున్నాయి.

సారు చెప్పిన కిటుకు కారణాంకాలు దగ్గరగా ఉంటేనే త్వరగా పారుతుంది. 1817 చూడండి. 43 వర్గంలోంచి 1817 తీసేస్తే 32, 47 వర్గంలోంచి తీసేస్తే 392. రెండూ వర్గాలు కావు. కానీ ఆ రెండింటి లబ్ధం 12544, అది 112 వర్గం! ఇప్పుడు 43ను 47తో గుణిస్తే 2021. అందులోంచి 112 తీస్తే 1909. 1909కి, 1817కి గ.సా.భా. 23. ఇంకేం, 1817 అంటే 23 × 79.

పెద్ద సంఖ్యలకు ఇలా కలిసొచ్చే మిగుళ్లు లక్షల్లో కావాలి. ఒక్కొక్కదాన్నీ భాగించి చూస్తే జన్మ చాలదు. అయితే ఒక మిగులు 7తో తెగితే, అక్కడి నుంచి ప్రతి ఏడో మిగులూ తెగుతుంది. కల్లంలో మన అమ్మలు గింజ గింజనూ పట్టి చూశారా? జల్లెడ పట్టారు. 1981లో కార్ల్ పోమరెన్స్ తెచ్చిన ఈ పద్ధతి పేరులోనే జల్లెడ ఉంది: క్వాడ్రాటిక్ సీవ్.

1977లో సవాలుగా ఇచ్చిన 129 అంకెల సంఖ్యను విడగొట్టడానికి కోట్లకొద్దీ ఏండ్లు పడుతుందన్నారు. 1994లో సుమారు 600 మంది, 1600 కంప్యూటర్లతో ఈ జల్లెడ పట్టి 8 నెలల్లో విడగొట్టారు. యంత్రాల వేగం పెరిగిన మాట నిజమే. జల్లెడ లేకుంటే ఆ వేగమూ చాలకపోయేది. 2020లో ఇంకా మెరుగైన నంబర్ ఫీల్డ్ సీవ్‌తో 250 అంకెల సంఖ్య విడిపోయింది. ఒక్క ప్రాసెసర్ కోర్‌కు అప్పగిస్తే అది సుమారు 2700 ఏండ్ల పని. నేటి తాళాల్లో సాధారణంగా 617 అంకెలుంటాయి.

మరి భయం లేదా? ఉంది. ఈ పని నిజంగా కష్టమని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు. సులువు దారి దొరకలేదు, అంతే. 43 దగ్గర ఆగి నేను "ప్రధాన సంఖ్య" అన్నట్టే! నాకు దొరకలేదు అనడం వేరు, అసలు లేదు అనడం వేరు. క్వాంటం కంప్యూటర్ కుదిరితే ఈ తాళం తెగుతుందని పీటర్ షోర్ 1994లోనే చూపించారు. అమరావతిలో 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రం పెడతామని 2025లో ప్రకటించారు. అంత చిన్నదానితో తాళం తెగదు. కానీ ఈరోజు దొంగిలించి దాచుకున్న రహస్యాన్ని రేపటి యంత్రంతో విప్పవచ్చు. అందుకే 2024లో అమెరికా ప్రమాణాల సంస్థ కారణాంకాలతో పనిలేని కొత్త తాళాలకు ప్రమాణాలు ప్రకటించింది.

పిల్లలూ, లెక్క రాలేదని పలక కింద పెట్టేముందు ఇంకొక్క మెట్టు ఎక్కండి. అప్పటికీ రాకపోతే కాసేపు ఆగి, 2500 వైపు నుంచి చూడండి. నాకు ఈ రెండూ ఒకే పీరియడ్‌లో నేర్పింది ఈ బడే.