పట్టేసిన బోల్టుతో పంతానికి పోవద్దు

మైపాడు సముద్రానికి దగ్గర్లో ఉన్న నా షెడ్డు నుంచే మాట్లాడుతున్నా. నా చేతిలో ముక్క కనిపిస్తోందా? బ్రేక్ కాలిపర్ బోల్టు తల. విరగ్గొట్టింది నేనే. పారేయకుండా టూల్ బాక్సులో దాచుకున్నా.

పోయినేడు ఒక రొయ్యల రైతన్న సాయంత్రం కారు తెచ్చాడు. తెల్లారి వాళ్లమ్మని చెన్నై ఆస్పత్రికి తీసుకెళ్లాలి. "బ్రేక్ ప్యాడ్లు మార్చెయ్ తమ్ముడూ, గంటలో అయిపోద్దిగా?" అన్నాడు. అయిపోద్దన్నా అని మాటిచ్చేశా. ఒక్క బోల్టు కదల్లేదు. పానాకి పైపు తొడిగి బలమంతా పెట్టి లాగా. టక్‌మంది. వదిలిందనుకున్నా. చూస్తే తల ఊడొచ్చింది, మిగతాది లోపలే ఉండిపోయింది. ఆ రాత్రి వేరే కారు మాట్లాడి పంపించా, బాడుగ నేనే కట్టా.

మన తీరంలో ఇంత తుప్పు ఎందుకు? ఇనుముకి నీళ్లూ గాలీ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే ఇంకా తొందరగా పడుతుంది. సముద్రపు గాలి, రొయ్యల గుంటల దగ్గరి ఉప్పు బురద, రెండూ కారు అడుగునే చేరతాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే మరల మధ్య బిగుసుకుపోతుంది.

ఇప్పుడు నేను ఎట్టా చేస్తానంటే, ముందు కారుని జాకీ ఒక్కదాని మీద వదలను, స్టాండ్లు పెడతా. వైరు బ్రష్షుతో తుప్పు గీకుతా. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఆగుతా. గట్టి కేసైతే రాత్రంతా. అది ప్యాడ్ల మీద, డిస్కు మీద పడకూడదు. తర్వాత బోల్టు తల మీద సుత్తితో చిన్నగా తట్టాలి. ఆరు మూలల సాకెట్టే వాడండి. పన్నెండు మూలలది తలని గుండ్రం చేసేస్తుంది. ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత వదులయ్యే వైపు, అట్టా ఊపుతూ రావాలి.

వేడి చేస్తే బాగానే వదులుతుంది. కానీ బ్రేకు దగ్గర రబ్బరు సీళ్లు, గొట్టాలు ఉంటాయి, కాలిపోతాయి. స్ప్రే తడి ఉన్నా, పెట్రోలు దగ్గర్లో ఉన్నా మంట పెట్టొద్దు.

విరిగిందా? సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టి, డ్రిల్ చేసి, ఎక్స్‌ట్రాక్టర్‌తో తీయాలి. అదీ లోపల విరిగితే ఇంకా కష్టం, అది మామూలు డ్రిల్లుకి లొంగదు. చెయ్యి తిరగకపోతే లేతుపని వాళ్లకి ఇచ్చెయ్యండి.

పాత బోల్టు మళ్లీ వేయొద్దు. అదే గ్రేడు కొత్తది వేసి, టార్క్ రెంచితో కంపెనీ చెప్పినంతే బిగించండి. సముద్రం వైపు వెళ్లొచ్చాక కారు అడుగున మంచినీళ్లు కొట్టండి.

నేను మాత్రం ఇప్పుడు బోల్టు చూడకముందు టైము చెప్పను. "అన్నా, తుప్పుంది, రేపటికి కాకపోవచ్చు" అని ముందే చెప్పేస్తా. ఆ రోజు ఆ ఒక్క మాట చెప్పుంటే, వాళ్లు సాయంత్రమే వేరే కారు చూసుకునేవాళ్లు. ఉంటా ఫ్రెండ్స్.