తెలుస్తాంది సార్

ఈ రోజు పట్టాలు అందుకున్న డాక్టర్లారా, ఫిజియోథెరపిస్టులారా!

1953 అక్టోబరు 1న ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. అయినా ఆ మూడు ఊళ్లవాళ్లు జబ్బు చేస్తే ఇప్పటికీ బళ్లారి బస్సెక్కుతారు. షుగరు ముదిరి కాళ్ల తిమ్మిర్లతో వచ్చే ఆ రైతుల గురించే నా మాటలు.

అరికాలికి పది గ్రాముల బరువుకు వంగే నైలాన్ పోగు ఆనించి, ‘తెలుస్తోందా పెద్దాయనా?’ అంటాం. పోగు వంగడం ఆయన కళ్లారా చూశాడు. పైగా ఎదుట ఉన్నది డాక్టరు. ‘ఆఁ, తెలుస్తాంది సార్’ అంటాడు. కేసుషీటులో ‘స్పర్శ బాగుంది’ అని ఎక్కుతుంది. చెప్పులో మేకు దిగినా తెలియక, కొన్నాళ్లకు పుండుతో తిరిగొస్తాడు. ఆ కాలు పోతే తప్పు మనం అడిగిన తీరుదే.

ముందు పోగును మణికట్టు మీద ఆనించి చూపించండి. తర్వాత కళ్లు మూసుకోమనండి. ఒక్కో చోట మూడుసార్లు అడగండి, అందులో ఒకసారి పోగు తాకించకుండానే అడగండి. కాయకాచిన చోట పెట్టకండి. నల్లరేగట్లో వట్టికాళ్లతో నడిచిన మడమకు నరం బాగున్నా ఆ పోగు తెలియకపోవచ్చు.

కళ్లు మూసుకుని వేలు ఎటు కదిలిందో చెప్పే పరీక్షలోనూ జవాబు మనమే అందించే చిక్కు ఉంది. బొటనవేలిని పైనా కిందా పట్టుకుని కదిపితే ఎటు కదిలిందో మీ వేళ్ల ఒత్తిడే చెప్పేస్తుంది, కీలు పసిగట్టిందని మనం రాసుకుంటాం. పక్కల నుంచి పట్టుకోండి. గబుక్కున కదిపితే తెలిసేది మెల్లగా కదిపితే తెలియకపోవచ్చు, అందుకే అందరికీ ఒకే వేగం పాటించండి. పైకా కిందికా అంటే గుడ్డిగా చెప్పినా సగం సార్లు కుదురుతుంది. ఒకటి రెండు జవాబులతో ఆగిపోకండి.

చర్మం మీద రెండు మొనలు పెట్టి ‘ఒకటా, రెండా?’ అనే పరీక్ష 1834 నాటి జర్మన్ శాస్త్రవేత్త వెబర్‌ది. రెండు మొనల మధ్య ఎడమే లేకపోయినా జనం రెండని పోల్చుకోగలుగుతున్నారని 2013లో కెనడా పరిశోధకులు చూపించారు. ఒక మొనకూ రెండు మొనలకూ నరాలు స్పందించే మోతాదులో తేడా ఉంటుంది, వేలు ఆ తేడాను పట్టేస్తోంది. మొనలు వేలికి నిలువుగా ఉన్నాయా, అడ్డంగా ఉన్నాయా అని అడిగితే ఆ ఆధారం పనిచేయదు. దాదాపు రెండు వందల ఏళ్ల పరీక్షను ప్రశ్న మార్చి బాగుచేశారు. ఆ ధైర్యం మీకూ రావాలని నా కోరిక.

ఇంకొక్క మాట. నైలాన్ పోగు కూడా అలసిపోతుంది. పది పదిహేను మందిని చూశాక దాన్ని ఒక రోజు పక్కన పెట్టాలి, లేకపోతే తక్కువ బరువుకే వంగుతుంది. ఇక్కడ బళ్లారి ఓపీలో ఆ పదిహేను మంది పొద్దున్నే అయిపోతారు. మొదటి జీతంతో నాలుగు పోగులు కొనుక్కోండి.